పన్ను వేయమని అడిగి వచ్చాం

మంగళవారం, బ్రాంప్టన్, కెనడా

ఈ రోజు సిటీ కౌన్సిల్ ముందు మైకు పట్టుకుని మాట్లాడాను. నేను! మా కర్రీ పాయింట్‌లో టోకెన్ నంబర్లు పిలవడానికి తప్ప ఎక్కడా గొంతెత్తని నేను!

మా ఏరియాకి కొత్త ఫైర్ స్టేషన్ కోసం అదనపు పన్ను వేయాలా వద్దా అని మీటింగ్. షాపుల వాళ్లం వద్దంటామనే అందరూ అనుకున్నారు. పోయిన చలికాలం మా పక్క సెలూన్ తగలబడుతుంటే, ఫైరింజన్ కోసం మంచులో నిలబడి ఎదురుచూసిన సంగతి చెప్పాను.

"మా షాపుల మీదా వేయండి, కడతాం. కానీ ఈసారి బండి త్వరగా రావాలి" అన్నాను.

వెనక నుంచి హార్డ్‌వేర్ షాపు సింగ్ అంకుల్ లేచారు. పన్ను అన్న మాట వింటేనే మండిపడే మనిషి. ఇక మా పని అయిపోయిందనుకున్నాను.

"ఆ అమ్మాయి చెప్పిందే నా మాట కూడా" అన్నారాయన.

ఆ వెంటనే మా ప్లాజాలోని షాపుల వాళ్లంతా లేచి నిలబడ్డారు. కౌన్సిల్ ఓటింగ్‌లో నెగ్గాం!

తిరిగొస్తుంటే కారులో మా ఆయన, "ప్లాజా ఓనర్ ఆ పన్నంతా మన అద్దెలో కలిపేస్తే?" అన్నారు. కలిపేస్తాడేమో, నిజమే. ఆ దిగులు నాకూ ఉంది.

"కలిపితే నేనే వెళ్లి మాట్లాడతాలే" అన్నాను.

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పి ఒక్క క్షణం నావైపే చూశారు.