గంగరత్న చెప్పిన నిజం

తనకల్లు

అమ్మా, నేను క్షేమం. ఫోన్‌లో చెప్పబోతే ఏడుపొస్తుందని కార్డు రాస్తున్నాను.

మా ఐదో తరగతి పిల్లలను రోజూ పొద్దున కాసేపు కళ్లు మూసుకుని, తాము చేసిన మంచిచెడ్డలు తలచుకోమంటాను. చెప్పాలనిపిస్తే చెప్పండి, కోప్పడనని మాటిచ్చాను. సోమవారం గంగరత్న అనే పిల్ల లేచి, "కొళాయి ఇప్పి పెట్టింది నేనే టీచర్. బంద్ చేసేది మర్చిపోయినా. ట్యాంకులో నీళ్లన్నీ పోయినాయి" అంది. అసలే బడిలో తాగడానికి నీళ్లు లేవు. ఒళ్లు మండి, అందరి ముందూ ఆ పిల్ల చెంప మీద కొట్టాను.

మరునాడు అందరూ కళ్లు మూసుకున్నారు గానీ ఒక్కరూ నోరు విప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి నేనే వాళ్ల మధ్య కింద కూర్చుని, "నిజం చెప్పిన బిడ్డను కొట్టినాను. తప్పు నాది" అన్నాను.

గంగరత్న తల దించుకునే, "ఇంగ కొట్టరు కదా టీచర్?" అని అడిగింది.

కొట్టనన్నాను. నమ్మిందో లేదో తెలియదు. ఈరోజు కూడా ఎవరూ మాట్లాడలేదు.

నాయన మోకాలి నొప్పి తగ్గిందా? తమ్ముడు ముబారక్ ఇటు వస్తే నా దుప్పటి ఇచ్చి పంపు. నాయనకు సలాం చెప్పు. నువ్వు దువా చేసేటప్పుడు ముందు ఆ పిల్ల పేరు తలుచుకో, తర్వాత నాది.

నీ బిడ్డ,
హసీనా