రాతి దెయ్యానికి దండం

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. మన రాధ మీ పాత స్టేషన్ వాగన్ కారులో నన్ను మ్యూజియంకి తీసుకెళ్లింది.

మీకిష్టమైన రాతి స్తంభం అక్కడే ఉంది. ఏనాటిదో ఫ్రాన్స్ చర్చిలోది. పైన కోరల దెయ్యం, పక్కన లాటిన్‌లో దాని పేరు. చిన్నప్పుడు రాధ దాన్ని దేవుడనుకుని, షూస్ విప్పి దండం పెట్టింది. "అది దెయ్యం తల్లీ, పేరు కూడా చెక్కారు చూడు" అని మీరు ఒక్కో అక్షరం చదివించారు.

ఇప్పుడు కాలేజీ పిల్ల. ఇవాళ దాని ముందు మళ్లీ షూస్ విప్పింది.

"అది దెయ్యమే, మరిచిపోయావా?" అన్నాను.

"తెలుసు మమ్మీ. డాడీ ఎప్పుడొచ్చినా ఇక్కడే కదా నిలబడేది" అంది.

నేనూ షూస్ విప్పాను. మీరు నిలబడే చోటు ఖాళీగా వదిలి, పక్కన నిలబడ్డాను.