వెనక వరస ఏసీ

నాయనా,

నీ సంవత్సరీకం అయిన మరునాడే అమ్మా నేనూ తిరుపతిలో ఏడు సీట్ల డీజిల్ ఫోర్‌వీల్ డ్రైవ్ బండి చూడ్డానికి పోయాం. మామూలు మోడల్‌లో లేని వెనక వరస ఏసీ టాప్ మోడల్‌లో ఉందన్నాడు సేల్స్ కుర్రాడు. నీ వారసుణ్ణి, ఊరికే నమ్ముతానా? సినిమా హాల్లో ఫ్యాను గాలి అందుతుందో లేదోనని నువ్వు పరీక్షించినట్టే, ఆఖరి సీట్లో కూర్చుని, భుజాన వేసుకొచ్చిన నీ తువ్వాలు కొస పైకెత్తి పట్టాను. కదల్లేదు.

"ఇప్పుడే కదన్నా ఆన్ చేసినాను, వస్తాది."

"వచ్చేదాకా ఈడే ఉంటాలేప్పా."

కాసేపటికి కొస ఊగింది. అయినా నాకు అనుమానమే.

"ఇంట్లో ఉండేది ఆరుమందిమి. ఖాళీ సీటుకు ఏసీ ఎందుకుమా? మామూలుదే చాలు."

అమ్మ నీ తువ్వాలు మడిచి ఆ సీటు మీద పెట్టింది.

"టాప్‌దే తీసుకో. మీ నాయన ఉక్కకు తట్టుకోలేడు."

టాప్ మోడలే బుక్ చేశాను. అమ్మను అనుమానించడం మాత్రం నువ్వు నాకు నేర్పలేదు.