వేపమండలు కట్టిన గుడారం

చిరంజీవి శ్రీరమ్యకు మీ అమ్మ దీవించి రాయునది. నా నడుము తప్ప ఇక్కడ అందరం క్షేమం. నర్సింగు హాస్టల్లో నువ్వూ బాగున్నావని తలుస్తాను. ఫోన్లో చెబితే సగంలోనే తిట్లు మొదలెడతావని ఉత్తరం రాస్తున్నాను.

మిరపకోతకు వచ్చినవాళ్ళ పిల్లలకు పాటలు నేర్పుతున్నావా అని అడిగావు. చేను పక్క పిల్లల షెడ్డులో ఆయా పనంటే ఆడించడమే అనుకుని చేరాను. ముక్కులు తుడవడం, ఘాటుకు మండే కళ్ళు కడగడంతోనే పొద్దు గూకుతోంది. పాటలకు ఓపిక ఎక్కడిదే?

కర్నూలు సుంకులమ్మ కొడుకు ఈరేశు సంగతి అడిగావు కదా. వాడికి నెమ్ము చేసింది. మందు అయ్యేదాకా చలిగాలికీ మిరప ఘాటుకూ తిప్పొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మర్నాడే వాళ్ళను కూలికి తిప్పే మేస్త్రీ యలమంద ట్రాక్టరు తెచ్చాడు. దర్శి వైపు కోతలట, గుడారాలు పీకమన్నాడు. ఈ తల్లీబిడ్డలనైనా ఉంచమని నేను బతిమాలినా వినలేదు. సుంకులమ్మ నీళ్ళకు వెళ్ళినప్పుడు ఆమె గుడారానికి వేపమండలు కట్టి, పిల్లవాడికి పసుపు రాశాను.

"ఏంది వదినా ఇది?" అన్నాడు యలమంద.

"అమ్మవారు పోసింది. ఎక్కించుకుని నీ పక్కనే కూర్చోబెట్టుకో."

అతను చెప్పులు విడిచి దణ్ణం పెట్టి, తల్లీబిడ్డలను వదిలి తన ముఠాలో మిగతావాళ్ళతో వెళ్ళిపోయాడు. నేను షెడ్డు వెనక్కి పోయి నవ్వుకున్నాను. గుట్టు బయటపడుతుందని సుంకులమ్మకు కూడా చెప్పలేదు.

ఇక నువ్వు తిట్టే సంగతి. సాయంత్రం వెళితే పిల్లవాడి ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరమ్మ ఇచ్చిన మందు సీసా మూతైనా తీయలేదు.

"అమ్మ వచ్చినప్పుడు మందు యాడ పోస్తారక్కా? పాపం తగుల్తాది," అంటూ వేపాకుతో విసురుతోంది సుంకులమ్మ.

మండలు నేనే కట్టానన్నాను. తనను ఊరడించడానికి అంటున్నాననుకుంది. అబద్ధం ఇట్టే నమ్మింది, నిజం నమ్మదే. చివరికి మండలు పీకి, పసుపు తుడిచి, ఒళ్ళంతా తిప్పి చూపించాను. ఒక్క పొక్కు లేదు.

వాడి ఒళ్ళు తనే తడిమి చూసుకుంది. "ఆటలాడేకి నా బిడ్డే దొరికినాడా అక్కా నీకు?" అంది.

నేను మందు పోయబోయాను. ఆమె సీసా అందుకుని మందు తనే పోసింది.

జ్వరం తగ్గుముఖం పట్టింది. ఇవాళ వాణ్ణి షెడ్డుకు తెచ్చింది కానీ, నా చేతికివ్వలేదు. చాప మీద పడుకోబెట్టుకుని, నేను దగ్గరికొస్తే తన కొంగు వాడి మీద కప్పుతోంది.

ఇట్లు,
ఇవాళ ఎవరినీ ఆటపట్టించని
మీ అమ్మ
వెంకటరావమ్మ