విరగని అతుకు

అక్కా,

మొదలుపెట్టిన పని ఒక్కటైనా చివరిదాకా నేర్చుకోగలనా అని ఇరవై ఏళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను. టైపు, కుట్టు మధ్యలో వదిలేశానని నువ్విప్పటికీ వెక్కిరిస్తావు. వెల్డింగ్ మాత్రం పదకొండు నెలలైనా వదల్లేదు. నిన్న పరీక్షలో మేస్త్రి నా అతుకును వైస్ ఇనుప దవడల మధ్య బిగించి, సుత్తి నాకే ఇచ్చారు. "మీరే విరగ్గొట్టండి మేడమ్, నాకు మనసొప్పదు" అన్నారు. చెయ్యి నొప్పిపుట్టేదాకా కొట్టాను. ఇనుప పట్టీ వంగింది గానీ అతుకు విడలేదు. "చాల్లెండి, సుత్తి విరిగేలా ఉంది" అంటూ పాసు రాసేశారు!

బావ పాత నూలు చొక్కాలు రెండు పంపు, నిప్పురవ్వలకు నావన్నీ చిల్లులే. నీ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు ముద్దులు.

నెలాఖరుకు కాలేజీలో పెట్టిన ఏడాది సెలవు అయిపోతుంది. తిరిగి వెళ్లి పాఠాలు చెప్పాలో, ఇక్కడే వెల్డింగ్ పనిలో చేరాలో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

నీ చెల్లి