లారీ అంత ఖాళీ

ఇంజనీరు గారికి,

ప్రభుత్వ రోడ్డు మీద అనుమతి లేకుండా రంగు పూశానని మీరు పంపిన నోటీసు అందింది. పూశాను. మలుపు దగ్గర పంక్చరు షాపు నాదే.

మలుపులో ఎవరూ ముందు బండిని దాటకూడదని మీ మనుషులు రోడ్డు మధ్య తెల్లగీత వేసిన రోజు, సరిగ్గా అక్కడే ఒక లారీ చక్రం ఊడదీసి ఉంది. "అరగంట ఆగన్నా, బిగించేస్తాను" అని బతిమాలాను. "మాకింకో పని లేదనుకున్నావా?" అని మేస్త్రి కసిరాడు. లారీకి ఇవతల గీత ఆపి, అవతల మళ్లీ మొదలుపెట్టి చక్కా పోయారు.

గీత తెగింది కాబట్టి అక్కడ దాటొచ్చని డ్రైవర్లు అనుకున్నారు. మీ ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. దున్నపోతు మీద వాన. నాలుగో నెలలో, రోజూ నా దగ్గర స్కూటరుకి గాలి కొట్టించుకునే టీచరమ్మని, ఆ ఖాళీలోంచి దాటుకొచ్చిన బస్సు గుద్దేసింది. ఆవిడ చెప్పు నా గుమ్మం ముందు పడింది. మర్నాడే రంగు డబ్బా కొని గీత కలిపాను.

నిన్న మీవాళ్లు వచ్చి ఆ గీతని చుక్క మిగలకుండా గీకి చెరిపారు. ఏం శ్రద్ధండీ!

నోటీసులో నా గీత పొడవు ముప్పై ఒక్క అడుగుల నాలుగు అంగుళాలని రాశారు. ఇన్నాళ్లూ మీ ఆఫీసులో టేపు లేదేమో అనుకున్నాను.

ఇట్లు,
మలుపు దగ్గర పంక్చర్లవాడు