పదో కారణం

కొల్లూరి దామోదర్ భార్యనైన నాగమల్లేశ్వరి అనే నేను, వయసు యాభై, నివాసం న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న కాగితం ఇది. ఇన్నాళ్లూ రాయనిది ఇప్పుడెందుకంటే, వచ్చే గురువారం నాకు ఆపరేషన్. అదొక్కటే అయితే దేవుడికి దండం పెట్టుకుని ఊరుకునేదాన్ని. పోయిన శనివారం తన స్నేహితుడు రఘువీర్ వాళ్ల గృహప్రవేశంలో నా భర్త ఆ కథ మళ్లీ చెప్పారు. ఈసారి నా కూతురు సంహిత కూడా నవ్వింది. అందుకే కలం పట్టాను.

ఇల్లు, బ్యాంకు సంగతులు లాయరు దగ్గరున్న వీలునామాలో ఉన్నాయి. ఇది నా సొంత వస్తువుల గురించి. దీన్ని అమలు జరపాల్సింది నా స్నేహితురాలు జయంతి. నా భర్త కాదు.

1. బేస్‌మెంట్‌లోని వైన్ సీసాలు, వాటి చెక్క అర నా భర్తవే. వాటి మీద నాకు హక్కు లేదు. తొమ్మిదేళ్లు దుమ్ము తుడిచాను కాబట్టి రాస్తున్నాను. ఇకమీదట ఆయనే తుడుచుకోవాలి.

2. ఫ్రిజ్ తలుపు మీది కాగితం కూడా ఆయనకే చెందుతుంది. హంగేరీలో టోకాయ్ అనే చిన్న పాత ఊరు ఉంది, వైన్‌కు పేరు. నా భర్త స్నేహితులతో నాలుగుసార్లు వెళ్లారు. ఆ ఊరు చూడటానికి పది కారణాలని ఇంగ్లీషులో రాసి అందరికీ మెయిల్ చేసి, ఒకటి ప్రింట్ తీసి ఇంట్లో అంటించారు. తొమ్మిది కారణాలు వైన్ గురించి. పదోది, "మా ఆవిడ అక్కడికి రాదు" అని. నేను ఇంటర్ వరకు చదివాను. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు వచ్చు. రోజూ ఆ తలుపు తెరిచే నైవేద్యానికి పాలు తీసుకున్నాను.

3. పూజగదిలోని విగ్రహాలు, వెండి ఉద్ధరిణి సంహితకు. ఆ ఉద్ధరిణి సంగతి తనకు తెలియాలి. 2004లో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి పంచామృతం కలుపుతుంటే తేనె చాలలేదు. నా భర్త మొదటిసారి టోకాయ్ నుంచి తెచ్చిన చిన్న సీసా వంటింటి అరలో తేనె పక్కనే ఉంది. అదే రంగు, అదే చిక్కదనం. లేబుల్ మీది భాష నాకు తెలియదు. అక్కడి తేనె అనుకుని కలిపాను. స్వామికి అభిషేకం చేసి, ఈ ఉద్ధరిణితోనే నలభై మందికి తీర్థం ఇచ్చాను. భోజనాల దగ్గర ఆయన చెప్పారు: "మా మేడమ్ స్వామికి డైరెక్ట్‌గా వైన్ సర్వ్ చేసింది. నేను చూస్తూనే ఉన్నా. మధ్యలో డిస్టర్బ్ చేయడమెందుకని ఊరుకున్నా." అందరూ నవ్వారు. నేను నలభై రోజులు ఒంటిపూట ఉన్నాను. సంహితా, తొమ్మిదేళ్లుగా నువ్వు వింటున్న కథ ఇదే. చూస్తూనే ఉన్నా అన్నది ఇంకోసారి చదువు. ఆయన పక్క పీట మీద కూర్చుని ఉన్నారు.

4. ఆ రోజు నాతోపాటు పంచామృతం గిన్నెలు కడిగిన మీనాక్షికి నా పిండి గ్రైండరు. రాయి కొత్తది.

5. నా పాస్‌పోర్టు సంహితకు. అందులో నిరుడు జూన్‌లో వేసిన హంగేరీ ముద్ర ఉంది. పిట్స్‌బర్గ్ గుడిలో వారం పారాయణ అని ఇంట్లో చెప్పి, జయంతితో టోకాయ్ వెళ్లాను. భర్తతో నేనాడిన అబద్ధం ఇదొక్కటే. స్వామికి మాత్రం చెప్పుకునే వెళ్లాను.

ఆ ఊరు చూడటానికి నా దగ్గర పది కారణాలు లేవు, మూడున్నాయి. తీసా, బోద్రోగ్ అని రెండు నదులు ఊరి అంచున కలుస్తాయి. నాలుగుసార్లు వెళ్లొచ్చిన మనిషి ఇంట్లో ఒక్కనాడూ నది మాట ఎత్తలేదు. నేను మోకాళ్ల లోతు దిగి మూడుసార్లు నెత్తిన నీళ్లు చల్లుకున్నాను. రెండోది, స్తంభాల మీద కొంగల గూళ్లు. పిల్లలకు తల్లీ తండ్రీ వంతులవారీగా మేత తెస్తాయి. తండ్రి కూడా. మూడోది, నల్లటి బూజు పట్టిన నేలమాళిగలో వైన్ అమ్ముకునే ముసలావిడ. నా ఇంగ్లీషును మనవరాలు వాళ్ల భాషలో చెప్పి పెడుతుంటే నా తప్పంతా ఆవిడకు చెప్పుకున్నాను. ఆవిడ నవ్వలేదు. "మా చర్చిలో దేవుడి ముందు పెట్టేదీ వైనే కదమ్మా. అది సరే, అప్పుడు మీ ఆయన ఎక్కడున్నాడు?" అని అడిగింది. అన్నేళ్లలో ఆ ప్రశ్న వేసింది ఆవిడ ఒక్కతే.

6. నా అస్థికలు కృష్ణలో కలపాలి. శాస్త్రం కాబట్టి నా భర్త చేతులమీదుగానే కలపాలి. ఒక్క ఉద్ధరిణెడు మాత్రం జయంతి ముందే తీసి ఉంచాలి. దాన్ని సంహిత టోకాయ్‌లో రెండు నదులు కలిసేచోట వదలాలి. ఆ తర్వాత ఆయన స్నేహితులతో ఎన్నిసార్లయినా ఆ ఊరు వెళ్లనివ్వండి. ఫ్రిజ్ మీది కాగితం ఎవరూ తీయకూడదు. పదో కారణాన్ని ఆయన అలాగే నమ్ముకుని వెళ్లాలి.

జయంతీ, ఇది సంహితకు ఒక్కసారి చదివి వినిపించి, మీ దేవుడి పటం వెనక దాచు. ఆయనకు చూపించకు.

ఎడిసన్, 2013 సెప్టెంబరు 14, శనివారం
(సంతకం) కొల్లూరి నాగమల్లేశ్వరి

సాక్షులు (కాగితం చదవలేదు, సంతకం పెట్టడం మాత్రం చూశారు):
1. పద్మ
2. డాక్టర్ సూర్యప్రకాశరావు